వెన్నుదూలం మీద మా వదిన

ఇవాళ దాన్ని యూనివర్సిటీ అంటున్నారు. గంట గోపురమేంటి, రాతిమెట్లేంటి, ఆ కోట్లు తొడుక్కున్న కుర్రాళ్ళేంటి! మొదటి ఇల్లు నిలబెట్టింది మాత్రం నేనూ నా వడ్రంగులూ. దానికి పేరు పెట్టింది మా వదిన కెతూరా. ఆ ముక్క ఎవడూ చెప్పడు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

మా అన్న పోయాక వదిన మా పనివాళ్ళందరికీ వండి పెట్టేది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. ఒక్కటే లోటు, అక్షరం ముక్క రాదు. చర్చిలో పక్కావిడ బైబిల్ పేజీ తిప్పితే తనూ తిప్పేది. ఆ సంగతి నాకు తెలుసని తెలిస్తే నన్ను బతకనిచ్చేది కాదు. కాలేజీ కడుతున్నారని, కింది తరగతిలో చదవడం కూడా నేర్పుతారని వినగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. సరాసరి ఆ కాలేజీ పెడుతున్న పాస్టర్ లెవెరెట్ గారి దగ్గరికెళ్ళి, నన్నూ చేర్చుకోండి అంది.

"చూద్దాంలేమ్మా," అన్నాడాయన. మళ్ళీ వెళ్తే, "ఈ వయసులో నీకెందుకమ్మా? ఆడవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

"చూద్దాం చూద్దాం అంటూ నన్ను పాతిపెట్టేదాకా చూస్తాడు మరిదీ ఈయన!" అని వదిన గరిటె విసిరికొట్టింది. నా చెవి పక్కనుంచే పోయింది.

చట్రం లేపే రోజున ఒహాయో అడవుల్లో ఉన్న జనమంతా మా ఊళ్ళోనే ఉన్నట్టుంది. నేలమీద బిగించి పెట్టిన గోడల చట్రాల్ని పొడుగు కర్రలతో ఒక్క ఊపున ఎత్తి నిలబెట్టాం. పొద్దు వాలేసరికి కప్పు మీద వెన్నుదూలం కూడా కూర్చుంది. ఇక ఆచారం మిగిలింది. ఒకడు ఆ దూలమెక్కి, ఓ గుక్క రమ్ము తాగి, ఇంటికి పేరు పెట్టి సీసా పగలగొట్టాలి. అది జరక్కుండా మావాళ్ళెవరూ ఆ చట్రానికి ఒక్క మేకు కొట్టరు, భోజనానికీ కూర్చోరు.

పాస్టర్ గారికా, సారా పేరెత్తితేనే ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకుతాయి. రమ్ముకి బదులు బెల్లప్పాకం, అల్లం, వెనిగర్ కలిపిన నీళ్ళకూజా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇదేంటండీ? గుర్రాలకి పట్టేదా?" అన్నాను.

"ఒంటికి చలవ చేస్తుంది జోథమ్."

"అయితే మీరే ఎక్కండి. కషాయం కోసం నేనెక్కను. నా మనుషులూ ఎక్కరు."

అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. వదిన లంగా అంచు పైకి దోపి, నా చేతిలో కూజా లాక్కుని, నిచ్చెనెక్కడం మొదలుపెట్టింది.

"వదినా! పడిపోతావ్!"

"పడితే నీమీదే పడతాలే, మెత్తగా ఉంటావు!"

దూలం మీద చెరో పక్కా కాలేసుకుని దర్జాగా కూర్చుంది. జనం ఈలలు వేశారు.

"పేరు చెప్పమ్మా!" అని కిందనుంచి పాస్టర్ గారు.

"చెబుతా. ముందు మీరు చెప్పండి. నన్ను క్లాసులో కూర్చోబెడతారా, లేదా?"

"ముందు దిగు తల్లీ. చూద్దాం."

"ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోంది పాస్టర్ గారూ. నేనూ చూస్తూ కూర్చుంటా."

పంది మాంసం వేసి వండిన చిక్కుడు గింజలు చల్లారిపోతున్నాయి. పొద్దుటినుంచీ బరువులెత్తిన జనం. "ఒప్పుకోండి సార్, కడుపు మాడుతోంది!" అని ఒకడరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఆఖరికి పాస్టరమ్మగారే ముందుకొచ్చి, "ఒప్పుకుంటారా, నన్నూ పైకెక్కమంటారా?" అంది. అదీ దెబ్బంటే!

"సరే! చేర్చుకుంటాను!"

"వినపళ్ళేదండీ!"

"కెతూరా పార్డీని క్లాసులో చేర్చుకుంటున్నానూ!" అని ఆయన గొంతు చించుకున్నాడు.

వదిన ఓ గుక్క తాగింది, మొహం వికారంగా పెట్టింది. "ఈ ఇంటి పేరు మొండిపట్టు!" అని కూజా దూలానికేసి కొట్టింది. ఎవరి మొండిపట్టో మా ఊళ్ళో ఇంకా తేల్లేదు.

క్లాసులో తొలిరోజు కుర్రాళ్ళు కిసుక్కుమన్నారట. "నవ్వండ్రా నాయనా, మధ్యాహ్నం మీ కంచాల్లో వడ్డించేది నేనే," అందట. మళ్ళీ కిక్కురుమంటే ఒట్టు.

మంచు కరిగాక ఒకనాడు నన్ను చెయ్యి పట్టుకుని మా అన్న సమాధి దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ రాయి మీద మాటలు నేను చెక్కించినవే. ఏం రాయించావని ఆవిడ ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వంగి, అక్షరాల మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. అన్న పేరు రెండుసార్లు చదివింది. కింది వరస కూడా పూర్తిచేసింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

"'భార్యతో ఏనాడూ గొడవపడని మనిషి' అని రాయించావా!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇంత అబద్ధం నాకు చదవడం రాదనేగా మరిదీ?"

నవ్వీ నవ్వీ నిలబడలేక సమాధి పక్కనే కూలబడింది.