పొగలేని మందుకు సాంబ్రాణి పొగ

1924లో వానలకు ముందు నన్ను రంగూన్‌లో అహ్లోన్ రేవు పక్కనున్న ఒక తుపాకుల కంపెనీ గోదాముకు స్టోర్ కీపరుగా వేశారు. వేటగాళ్లు తెచ్చే ఖాళీ తూటాల్లో మళ్లీ మందు నింపి ఇవ్వడం అక్కడి పని. పాతరకం తుపాకిమందు పేలితే కళ్లముందంతా పొగే. కొత్తరకం పేలినా పొగ రాదు. అందుకని దాన్ని అందరం ‘పొగలేని మందు’ అనేవాళ్లం.

దానికి తేమ తగిలితే గుండు సరిగా పోదు. పోనీ ఎండబెడదామా అంటే అది మరీ ప్రమాదం; అతిగా ఎండిన మందు తుపాకి గొట్టాన్నే పగలగొట్టగలదు. కాబట్టి ఆరబెట్టడమన్న మాటే లేదు, అసలు తేమ చేరనివ్వకూడదు. మూత బిగిసిన డబ్బాలను నేలకు ఎత్తుగా చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టేవాళ్లం. వాన కురుస్తుంటే మూత తీసేవాళ్లం కాదు. రంగూన్ వానంటే మాటలా! విప్పిన చెప్పులు తెల్లారేసరికి బూజు పట్టేవి.

గోదాములో డబ్బాలు మోసే అప్పన్నది శ్రీకాకుళం వైపు. వెనక కంపెనీ గదిలోనే కాపురం; భార్య అప్పటికి పచ్చి బాలింత. ఒక ముసురు ఉదయం నేను వెళ్లేసరికి అతను నిప్పుల మూకుడు పట్టుకుని మందు గదివైపు నడుస్తున్నాడు. “ఆగరా అక్కడే!” అని అరిచి, వాకిట్లో ఉన్న బకెట్టు నీళ్లు ఆ నిప్పుల మీద గుమ్మరించాను.

“ఏటి బాబూ, అలా సేసీసినారు?” అన్నాడు బిక్కమొహంతో. “సెమ్మ పట్టకుండా మా సంటిదానికి రోజూ సాంబ్రాణి ఏస్తన్నాం. ఈ మందుకి పొగ నేదు, పొగ నేదని తవరే అంతారు గదా. పాపం, దీనికీ కాసింత పొగ ఏద్దామనుకున్నాను.”

“బీడీ కాల్చొద్దని చెప్పలేదట్రా?”

“బీడీ మానీసినాను బాబూ. ఇది దేవుడి పొగ గదా!”



సంగతి విన్న మేనేజరు దొర అతన్ని ఆ పూటే పంపెయ్యమన్నాడు. బాలింతను తీసుకుని ఆ వానలో ఎక్కడికి పోతాడు? నాకు ఒళ్లు మండింది. వీణ్ణి పంపేసినా రేపు వచ్చేవాడూ ఆ పేరే వింటాడు, మార్చాల్సింది మనిషిని కాదు, పేరుని అని దొరకు గట్టిగానే చెప్పాను. ఆయన కాసేపు చిరాకుపడి, చివరికి సరేనన్నాడు.

‘పొగలేని మందు’ అనడం మాన్పించి, గది తలుపు మీద తెలుగులో రాయించాను: ‘ఈ మందుకు తడి పడదు, నిప్పు పడదు.’ అప్పన్నకు చదువు రాదు, చదివి వినిపించాను.

“సంటిబిడ్డకి సలి పడదన్నట్టా?”

“అంతే.”

“అదేదో ముందే సెప్పుంతే పోయీది గదా బాబూ!”

ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతి కూలీనీ ఆ తలుపు దగ్గర నిలబెట్టి అప్పన్నే ఆ మాట వల్లె వేయించేవాడు. నేనున్నన్నాళ్లూ ఆ గుమ్మం దగ్గరకు మళ్లీ నిప్పు రాలేదు. సరుకుకు పేరు పెట్టేటప్పుడు దాని గొప్ప చెప్పడం కాదు, దానికి ఏం పడదో చెప్పాలి.