డెల్బర్ట్ ఎనిమిది సీట్ల బండి

డెల్బర్ట్‌కు ఒకటే జబ్బు. మనిషి కనబడితే చాలు, తన బండి చూపించాలి.

అది అలాంటిలాంటి బండి కాదు. దాని ముందరి గ్రిల్లే వీధి తలుపంత ఉంటుంది. లోపల మూడు వరసలు, ఎనిమిది సీట్లు. టెక్సస్ షెడ్లు పెద్దవే అయినా అతని షెడ్డులో అది పట్టక, తోక బయటే ఎండుతూ ఉండేది. భార్య పోయాక ఆ ఎనిమిది సీట్లకూ అతనొక్కడే. పుచ్చకాయ కొన్నా మధ్య వరసలో కూర్చోబెట్టి బెల్టు పెట్టేవాడు.

ఎదురింటి వెర్నాకు డెబ్బై ఆరేళ్లు. ఆమెదీ ఒంటరి బతుకే. కళ్లలో శుక్లాలు వచ్చి కారు నడపడం మానేసి ఏడాదయింది. ఒకరిని సాయం అడిగే మనిషి కాదు. ఆదివారం మధ్యాహ్నం బండి చప్పుడు వినగానే పరదా లాగేసేది. లాభం లేదు.

"మిస్ వెర్నా! తలుపు తీస్తే మెట్టు దానంతటదే కిందికి దిగుతుంది, చూద్దురు రండి!"

"పోయిన వారం చూశానుగా, డెల్బర్ట్."

"అది కుడి వైపుది. ఇది ఎడమ!"

తిట్టుకుంటూ ఎక్కేది. సీటులోంచి వీపుకు చల్లగాలి తగిలేది.

"ఈ చల్లదనంలో మూడు రకాలున్నాయి. మూడోది తెలియాలంటే ఇరవై మైళ్లు పోవాలి," అనేవాడు.

సరిగ్గా ఇరవయ్యో మైలు దగ్గర వెర్నా చెల్లెలుండే వృద్ధాశ్రమం.

"ఎలాగూ వచ్చాం కదా, లోపలికెళ్లి పలకరించి రండి. నేనీలోగా అద్దాలు సరిచూసుకుంటా."

రెండు గంటలు సరిచూసేవాడు.

"ఈ పిచ్చివాడి వల్ల నా ఆదివారాలన్నీ గంగపాలు," అని వెర్నా చెల్లెలి దగ్గర మొత్తుకునేది.

ఒకరోజు చర్చి భోజనాల్లో, వీధి చివరింటి ఎర్ల్ పక్కన కూర్చుని అదే గోడు వెళ్లబోసుకుంది.

"మీకు ఆదివారమొక్కటే! నన్ను వారానికి మూడు రోజులు చంపుతున్నాడు," అన్నాడు ఎర్ల్. "మీట నొక్కితే వెనక వరస మడుచుకుంటుందట. అది చూపించడానికి కిడ్నీ ఆసుపత్రి దాకా లాక్కుపోతాడు."

"అక్కడికే ఎందుకు?"

"ఏమో! నా డయాలసిస్ కూడా అక్కడే కాబట్టి సరిపోయింది గానీ..."

ఎర్ల్ నమలడం ఆపేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అడుగుదామా?" అన్నాడు ఎర్ల్ మెల్లగా.

"నోరు మూసుకో. సిగ్గుపడి మానేస్తాడు," అంది వెర్నా.

ఆ ఆదివారం ఇంటి ముందు దిగి, ఆమె బండి తలుపు వేయకుండా నిలబడింది.

"డెల్బర్ట్, లోపలికి రా. నా పొయ్యికి నాలుగు మంటలున్నాయి. చూపించాలి."

అతను టోపీ తీశాడు. భార్య పోయాక అతన్ని ఇంట్లోకి పిలిచినవాళ్లు లేరు.

"నాలుగూ... ఒకేసారి వెలుగుతాయా?"

"వచ్చి చూడు."

టోపీ చేత పట్టుకుని పొయ్యి ముందు బుద్ధిగా నిలబడ్డాడు. వెర్నా రెండో పళ్లెం కోసం అలమరంతా వెతికింది. ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తులేదు. అది దొరికేలోగా పొయ్యి మీది బీన్స్ మాడిపోయాయి. ఇద్దరూ కూర్చుని వాటినే మారు వడ్డించుకుని మరీ తిన్నారు.