నెయిల్ పాలిష్ కింద పగులు

ఆ శుక్రవారం పొద్దున పికప్ వెనక్కి తీస్తూ ఒక బాణం మీదికి టైరు ఎక్కించాను. అది పొరపాటు. ఆ తర్వాత చేసింది పొరపాటు కాదు, తెలిసి చేసిన తప్పు.

గల్ఫ్‌లో, ఉమ్ సలాల్ అనే ఊళ్లో, మా యజమాని తోటలో నేను డ్రైవర్ని. ఆయనకు విల్లుతో వేటాడే సరదా. ఇక్కడ కాదు, చలికాలంలో వేరే దేశం పోయి వేటాడతాడు. పోయేముందు కొన్ని వారాలు తోటలో గురి చూసుకుంటాడు. ఆ సామాను చూసే పని మెల్లగా నా మీద పడింది. ఇంట్లో దొరికేవాటితోనే పని గడుపుకోవడం నాకు అలవాటు. బియ్యం సంచుల్లో పాత బట్టలు కుక్కి గురికి బస్తాలు కట్టాను. చెవిమందు ఖాళీ సీసాలో బేబీ పౌడర్ పోసిచ్చాను. నొక్కితే పొడి ఎటు ఎగిరితే గాలి అటు. ఒంటి వాసన జంతువులకు తెలియకుండా వేట బట్టలు వంటసోడా నీళ్లలో ఉతికేవాణ్ని. వింటినారి మీద గురి చూసే చిన్న రింగు జారకుండా పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం చుట్టాను. యజమాని మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే గదిలో, దోస్తులకు ఆ సీసా చూపించి, మా డ్రైవర్ సంచిలో దుకాణమే ఉందని నవ్వేవాడు. ఆ మాట కోసం ఇంకో పది పనులైనా చేసేవాణ్ని.

అన్నిటికన్నా ముఖ్యమైనది దూది. కార్బన్ బాణం పగిలినా పైకి బాగున్నట్టే కనిపిస్తుంది. వదిలిన క్షణంలో ముక్కలై, విల్లు పట్టుకున్న చేతిలోకే దిగుతుంది. అందుకే ప్రతి బాణాన్నీ ముందు దూదితో తుడవాలి. పగులుంటే పోగు అక్కడ చిక్కుకుంటుంది.

టైరు కింద పడ్డ బాణాన్ని తుడిచాను. నడుమ ఒకచోట పోగు చిక్కింది. అప్పుడే పారేయాల్సింది. కానీ ముందురోజు ఏరేటప్పుడు దాన్ని గడ్డిలో వదిలేసింది నేనే. ఆ మాట యజమాని ముందు ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పగులులో సూపర్ గ్లూ నింపి, ఆరాక నున్నగా రుద్ది, విల్లు మరల మీద గుర్తులు పెట్టుకునే నల్ల నెయిల్ పాలిష్ వేశాను. మళ్లీ దూది పెట్టి లాగాను. ఎక్కడా చిక్కలేదు. దాన్ని మిగతావాటిలో కలిపేశాను.

భోజనాలయ్యాక యజమాని విల్లు అందుకున్నాడు.

"చెక్ కియా?"

"కియా, బాబా."

సీసా నొక్కాడు. పౌడర్ ఎటూ పోలేదు. కాసేపు గాలిలో నిలబడి, నిట్టనిలువుగా ఇసుకలోకి దిగింది. పక్క తోటలో నీళ్ల మోటారు ఆగిపోయింది. ఆయన ఒక్కో బాణం నారికి తగిలిస్తుంటే నెయిల్ పాలిష్ వేసిన చోటు కోసం వెతికాను. ఏది ఆ బాణమో దూరం నుంచి నాకే తెలియలేదు. అంత బాగా చేశాను ఆ పని.

అన్నీ బస్తాలో దిగాయి. ఏరేటప్పుడు దాన్ని వేళ్లతో గుర్తుపట్టాను. విరిచి చెత్తలో వేయడానికి అంతకన్నా మంచి అదను లేదు. ఒకసారి తట్టుకుంది కదా, ఇక ఏం కాదులే అనుకుని అన్నిటితో పాటే తెచ్చిచ్చాను.

అప్పుడే వంటాయన చాయ్ తెచ్చాడు. గోదావరి వైపు మనిషి, నాకన్నా పెద్దవాడు. యజమాని హుషారుగా ఉన్నాడు. "యల్లా, తుమ్ మారో" అని విల్లు ఆయన ముందుకు చాపాడు.

"నేనా?" వంటాయన నావైపు తిరిగి తెలుగులో గొణిగాడు. "కోడిని వండమంటే వండుతాను గానీ, ఈ వేషాలేంట్రా నాకు?"

"రోజూ గంత పిండి పిసుకుతవ్, గిది గుంజలేవా అన్నా?" అన్నాను నేను. నేనే అన్నాను.

"చూస్తూ ఉండు. మీ వైపు వాళ్లకి నోరు, మా వైపు వాళ్లకి చెయ్యి."

యజమాని బాణం పెట్టిచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించాడు. వంటాయన నారి లాగాడు. ఎండ పడి, ఆయన ఎడమ పిడికిలికి కాస్త వెనక, బాణం మీద గోరంత మేర ఎక్కువగా మెరిసింది.

"అన్నా" అన్నాను. అంతవరకే వచ్చింది.

"ఉండరా, గురి చెడగొట్టకు" అని ఆయన వదిలేశాడు.

ఎండు కంప విరిగినట్టు చప్పుడు. బస్తా దగ్గరికి ఏదీ చేరలేదు. వంటాయన తన ఎడమ చేతిని వేరెవరిదో చూసినట్టు చూసుకున్నాడు. బొటనవేలి మొదట్లో నల్లటి ఈనెలు దిగబడి ఉన్నాయి.

ఆసుపత్రిలో వాటిని తీశారు. వేలికి పట్టు తిరిగొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. పెద్ద గిన్నె ఎత్తలేని వంటాయనకు ఇక్కడ పని ఉండదు. పని లేకపోతే వీసా లేదు. వరండాలో యజమాని కోపంతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. బాణమే ఖరాబు, అమ్మిన కంపెనీని వదిలిపెట్టనన్నాడు. నేను తలూపితే చాలు, అంతా అక్కడితో ముగిసేది.

నాకు వచ్చిన హిందీలో చెప్పాను. టైరు, గ్లూ, నెయిల్ పాలిష్, చెక్ చేశానన్న అబద్ధం, అన్నీ. యజమాని నడక ఆపాడు.

"ఉస్కో బోలో" అని ముఖం తిప్పుకున్నాడు.

వంటాయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అన్నా, అది పలిగిందని నాకు ముందే ఎరుక" అన్నాను. మొత్తం విన్నాడు. తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"మరి నన్ను గుంజమన్నావేంట్రా?"

ఆయన కుడిచేతికి నీళ్ల గ్లాసు అందించాను.

ఆయన్ను ఇంటికి పంపొద్దని, చెయ్యి కుదిరేదాకా వంట కూడా నేనే చేస్తానని యజమానిని బతిమాలాను. చూద్దామన్నాడు, అంతే. అప్పటినుంచి డ్యూటీకి ముందు వంటింట్లో పిండి కలుపుతున్నాను. వంటాయన స్టూలు మీద కూర్చుని నీళ్లెన్నో, ఉప్పెంతో చెబుతాడు. వేరే మాట మాట్లాడడు. ఆ బొటనవేలు ఇంకా మడవడం లేదు.

ఊళ్లో ఉన్న తన ఇంట్లోవాళ్లకు మాత్రం నూనె మీద కాలుజారి పడ్డానని చెప్పాడట. అది తెలిసిన రోజు ఆయన్ను అడిగి, ఆయన ఫోన్‌లోనే ఆయన భార్యకు కలిపాను. "వదినా, అన్న కాలుజారి పడలే. తప్పు నాది" అని మొదలుపెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఇప్పుడా గిన్నెలు ఎవరెత్తుతున్నారు?" అంది ఆమె.

"నేనే, వదినా."

"ఆయన్ని ఎత్తనివ్వకు."

ఫోన్ వంటాయన కుడిచేతికిచ్చి, పొయ్యి మీది అన్నం గిన్నె దించడానికి లేచాను.