అమ్మోరి ముఖానికి రంగు

గురువమ్మకి కోపం కొత్త కాదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగినన్నాళ్లూ బేరాలాడేవాళ్లతో గొంతు చించుకుంటూనే ఉంది. కానీ 2003లో కొడుకు కోటి మీద వచ్చిన కోపం వేరు. దాన్ని మా జాలరిపేట మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా.

కోటి సముద్రం మీద చేపల వేటకి వెళ్లనని, ఇంటి ముందు గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి గేములు ఆడించేవాడు. కాలేజీ కుర్రాళ్లు ఎగబడి వచ్చేవారు. వాళ్లకి బాగా ఇష్టమైన గేములో ఒక రాజ్యం ఉండేది. అందులో తెల్లబట్టల పూజారులు మంచివాళ్లట. చీకటి దేవత చెడ్డదట. నల్లటి ఒళ్లు, కోరలు, బయటికి వేలాడే నాలుక. ఆమెకి మొక్కేవాళ్లంతా హంతకులేనట. ఆమె గుడి కూలగొడితేనే ఆట గెలిచినట్టు.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ల కోసం లోపలికి వస్తూ గురువమ్మ అది చూసింది. ఒక కుర్రాడు కత్తితో ఆ దేవత మెడ నరుకుతున్నాడు, మిగతావాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఆమె నేరుగా వెళ్లి గోడకున్న కరెంటు తీగ పీకేసింది. అది వట్టి బొమ్మేనని, ఆటలో అలాగే ఉంటుందని కోటి నచ్చజెప్పబోయాడు.

"నల్లగా ఉంటే సెడ్డదేటి? ఎవడు సెప్పాడ్రా నీకు?" అంది.

మా ఒడ్డునున్న అమ్మోరూ నల్లనిదే. కోరలున్నదే. ఆమెకి కోడిని కోస్తాం, కల్లు పోస్తాం. పిల్లలకి అమ్మవారు పోస్తే కత్తి పట్టుకుని ఎవరి మీదికి వెళతాం? వేపమండలు పరిచి, పసుపునీళ్లతో చల్లబరిచి, ఘటం ఎత్తి సాగనంపుతాం. మొగుడు సముద్రంలో పోయిన ఏడు కూడా ఆ ఘటం ఎత్తింది గురువమ్మే. అప్పుడు అమ్మోరిని నోటికొచ్చినట్టు తిట్టింది. చెడ్డదని మాత్రం అనలేదు.

కోటి బుద్ధి అక్కడితో ఆగలేదు. కుర్రాళ్లు అమ్మోరిని చూసి, అచ్చం గేములో దయ్యంలా ఉందని నవ్వారట. సిగ్గేసింది వెధవకి. అమ్మోరి పండగ ముందు గుడి పెద్దల దగ్గర కూర్చుని, అమ్మోరికి తెల్లటి రంగేయించి, కోరలు తీయించి, నవ్వుముఖం పెట్టిద్దామన్నాడు. అప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగులుండే ఉక్కునగరం నుంచి కూడా జనం వస్తారట. మగవాళ్లంతా తలూపారు. ఏటా ఘటం మోసే ఆడవాళ్లని ఒక్కడూ అడగలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రంగులేసే వరహాలు డబ్బా మూత తీసేసరికి గురువమ్మ వచ్చి గుడి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. అందరూ చూస్తున్నారని, పరువు తియ్యొద్దని కోటి బతిమాలాడు. ఆమె లేచి, వరహాలు చేతిలోని కుంచె లాక్కుని రంగులో ముంచి, కొడుకు చేతిలో పెట్టింది. ఎండకీ ఉప్పుగాలికీ మాడిన తన ముఖాన్ని ముందుకి తెచ్చింది.

"నానూ నల్లగానే ఉన్నాన్రా. పళ్లూ ఎత్తుగానే ఉన్నాయి. ముందు నాకెయ్యి. తరవాత అమ్మోరికేద్దువుగాని."

కుంచె నుంచి తెల్లటి రంగు కారి కోటి కాళ్ల మీద పడుతోంది.

"ఎయ్యరా" అంది మళ్లీ.

తల్లిని చూడలేక కోటి తల పక్కకి తిప్పుకున్నాడు. అటుపక్క అమ్మోరు ఉంది.