సత్తన్న నెట్ సెంటర్‌ను నేను కాపాడిన విధం

బతికున్న దుకాణాన్ని, దాని యజమాని ఆశీస్సులతోనే, నిండా ఎలా ముంచాలో తెలుసుకోవాలని ఉందా? నన్నడగండి. ఈ విద్యలో నన్ను మించినవాడు నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా ఎక్కడా దొరకడు.

అప్పట్లో నేను జావా ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఉద్యోగం దొరక్క, అశోక్‌నగర్‌లో ఒక గదిలో పడి ఉండేవాణ్ణి. జావా వచ్చిన నా కోసం కంపెనీలన్నీ తలుపులు తెరిచి కూర్చున్నాయని నా నమ్మకం. కూర్చోలేదు లెండి. నన్ను నమ్మినవాడు సత్తన్న ఒక్కడే. నారాయణగూడలో ఆయనది చిన్న నెట్ సెంటర్. చెక్క క్యాబిన్లు, రొప్పుతూ తిరిగే కూలరు. హాస్టళ్లలో ఉండి సర్కారు కొలువులకు చదివే కుర్రాళ్లు దరఖాస్తులకూ హాల్‌టికెట్లకూ ఆయన దగ్గరికే వచ్చేవారు. నా బయోడేటా ఎన్నిసార్లు ప్రింటు తీసినా, "పైసలు నౌకరొచ్చినంక జూద్దాం తియ్" అనేవాడు.

అంతలో అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. క్యాబిన్లు ఖాళీ అయ్యాయి.

"దసరా దాంక జూస్త తమ్మీ," అన్నాడు ఒకరోజు. "అప్పటికి గిరాకి రాకపోతే మూసేసుడే. ఈ ఉమర్ల నాకు ఇంకో పని రాదు."

నా గుండె కలుక్కుమంది. నాలాంటి మేధావికి గుండె కలుక్కుమంటే ఏం చేస్తాడు? ప్రోగ్రామ్ రాస్తాడు.

"అన్నా, పరేషాన్ గాకు. పోరగాళ్లకు ప్రాక్టీస్ పరీక్షలు పెట్టే ప్రోగ్రామ్ రాస్త. అసలు పరీక్ష లెక్కనే టైమ్ నడుస్తది, మార్కులొస్తయ్. నీ క్యాబిన్లు సరిపోవు సూడు."

"ఒక్కో కంప్యూటర్ల ఎక్కియ్యాల్నా? వైరస్ వచ్చి వారం వారం అన్నీ తుడిచిపెడ్తున్న గదా."

"ఎక్కించుడే లేదన్నా! వెబ్‌ల పెడ్త. లింకు నొక్కితే ప్రోగ్రామ్ దానంతటదే దిగి తెరుచుకుంటది."

"ఏ కంప్యూటర్లయినా?"

"ఏ కంప్యూటర్లయినా!"

పాపం, ఇద్దరం ఎంత మురిసిపోయామో! ఈపాటికి మీకు విషయం అర్థమయ్యే ఉంటుంది. మాకు కాలేదు.

ప్రారంభం రోజున సత్తన్న ప్రతి మానిటర్‌కూ బొట్టు పెట్టి, గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టాడు. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు. వారం తిరగకముందే కుర్రాళ్లు మెట్ల మీద నిలబడి వంతు కోసం కొట్లాడుకున్నారు. "నా దుకాణం నిలబెట్టినవ్ తమ్మీ," అంటుంటే ఆయన కళ్లు తడిశాయి. అంతే, నేను నేల మీద లేను.

"ఇంకో సంగతి సెప్పనా అన్నా? ఒక్కసారి దిగితే సాలు, ఇంక నెట్ లేకున్నా నడుస్తది!"

"శభాష్! గదే ఫ్లెక్సీ మీద రాయిద్దాం."

రాయించాం. 'ఎక్కడైనా తెరుచుకుంటుంది, నెట్ లేకున్నా నడుస్తుంది' అని. దాని కింద దూరం నుంచి కూడా కనిపించేలా లింకు. అక్షరాలు ఇంకా పెద్దవి కావాలని ప్రింటరతనితో గొడవపడింది కూడా నేనే. నెట్ సెంటర్‌ను బతికించడానికి నెట్ అక్కర్లేని సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని రోడ్డు మీద చాటింపు వేసిన ఘనుడు మరొకడుంటే చూపించండి, కాళ్లు మొక్కుతాను.

క్యాబిన్లు మళ్లీ ఖాళీ అయ్యాయి. "పోరగాళ్లు పండుగకు ఊళ్లకు పోయిన్రేమో," అన్నాడు సత్తన్న. సంగతేమిటో చూద్దామని అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్‌కి వెళ్లాను. ఒక్క ల్యాప్‌టాప్, దాని చుట్టూ గదినిండా తలలు. తెర మీద నా ప్రోగ్రామే.

"రా అన్నా! కిరాక్ ఉన్నదన్నా నీ సాఫ్ట్‌వేర్!"

"సత్తన్న దగ్గరికి పోతలేరేంది మరి?"

"ఎందుకన్నా? ఈడ్నే తెరుచుకుంటది గదా. ఫ్లెక్సీ మీద మీరే రాసిన్రు!"

నా పనితనానికి గర్వపడాలో, తల బాదుకోవాలో తెలియలేదు. పరుగున నారాయణగూడ వచ్చి చెప్పాను.

"ఇయ్యాల్నే లింకు తీసేస్తనన్నా."

"తీస్తే ఆగుతదా?"

ఆగదు. దిగినచోటల్లా నెట్ లేకున్నా నడుస్తుంది. అది నా ప్రతిభే కదా!

"పోనియ్ తియ్," అన్నాడు సత్తన్న. "పరీక్ష ముంగటున్నది. సదువుకోనీ."

దసరా వెళ్లాక ట్రాలీ ఆటో వచ్చి కంప్యూటర్లు తీసుకెళ్లింది. ఆయన ఒక్కటి మాత్రం అమ్మకుండా ఉంచుకున్నాడు.

"తమ్మీ, మా బిడ్డ గూడ పరీక్ష రాస్తున్నది. నీ ప్రోగ్రామ్ మా ఇంట్ల తెరుచుకుంటదా?"

చిక్కడపల్లిలో ఆయన ఇంటికి వెళ్లి, ఆరిన బొట్టు ఇంకా అంటుకునే ఉన్న మానిటర్ ముందు కూర్చుని, లింకు నొక్కాను. నేను రాసిన ప్రోగ్రామ్ పనిచేయకూడదని నేను దేవుణ్ణి వేడుకున్నది ఆ ఒక్కసారే. కన్నుమూసి తెరిచేలోగా తెరుచుకుంది.

"మంచిగ చేసినవ్ తమ్మీ," అని సత్తన్న వీపు తట్టాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది. సందులోకొచ్చి ఒక గోడ పక్కన నిలబడి ఏడ్చాను.

కాబట్టి పాఠకమహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాకిష్టమైన మనిషిని కాపాడటానికి ఈ జన్మలో మళ్లీ సాఫ్ట్‌వేర్ రాయను. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ల కోసమే రాస్తున్నాను. వాళ్లలో ఎవరి దుకాణం మూతపడినా, వీపు తట్టడానికి నా దాకా రాలేరు.