కొక్కేల మేస్త్రీ రెండో పరీక్ష

కొక్కేల మేస్త్రీకి నీళ్లంటే చచ్చేంత భయం. షవరు కింద నిలబడమన్నా నిలబడడు, చెంబుతో పోసుకోవాల్సిందే. అలాంటి మనిషి చేసిన కొక్కేలు నమ్ముకుని డైవర్లు సముద్రం అడుగుకి దిగుతారంటే నవ్వొస్తుంది గానీ, అది నిజం.

ఆయనది గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే వెల్డింగు షాపు. కూతురు డైవింగ్ గైడుగా చేరాక కొక్కేల పని మొదలైంది. పగడపు దిబ్బల దగ్గర నీటి లాగుడు మనిషిని నిలవనివ్వదు. పగడాలు చచ్చి మిగిలిన రాయి చూసుకుని దాని పగుల్లో కొక్కెం తగిలించి, తాడు రెండో చివర క్లిప్పుతో ఒంటిమీది జాకెట్‌కు పెట్టుకుంటే, గాలిపటంలా నిలబడి చేపల్ని చూడొచ్చు. మేస్త్రీ స్టీలు కడ్డీని వైసులో బిగించి, గొట్టం దూర్చి, బలమంతా పెట్టి వంచేవాడు. మొన ఎవరికీ గుచ్చుకోకుండా అరగదీసేవాడు. చివర్న పరీక్ష. కొక్కెం షాపు దూలానికి తగిలించి, తాడు పట్టుకుని, స్టూలు తన్నేసి, పది లెక్కపెట్టేదాకా వేలాడేవాడు. ఎనభై అయిదు కిలోల మనిషి.

"నన్ను మోసిందంటే ఇంకేం భయం లేదు" అనేవాడు గొప్పగా.

కిందటి నెల అన్నం తింటూ కూతురు మాటల్లో చెప్పింది, ఎవరికో క్లిప్పు పొరపాటున విడిపోయి మనిషి కొట్టుకుపోయాడని, గంట వెతికితే గానీ పడవవాళ్లకి దొరకలేదని. తను మామూలుగానే చెప్పింది. మేస్త్రీకి మాత్రం ముద్ద దిగలేదు. పాత క్లిప్పులు చిన్న పిన్ను లాగితే చాలు, తాడు ఎంత బిగువు మీదున్నా టక్కున విడిపోయేవి. అలా విడిపోవడమే తప్పని ఆయన తీర్మానించుకున్నాడు. దానంతటదే బిగుసుకుని, మళ్లీ తిప్పి నొక్కితే గానీ తెరుచుకోని గట్టి క్లిప్పులు రెండు తెచ్చాడు. చేతిలో పెట్టుకుని చూస్తే హాయిగానే తెరుచుకున్నాయి. కూతురి తాడుకి ఒకటి కట్టేశాడు.

"ఇది ఛస్తే ఊడదమ్మా."

"సరే నాన్నా, పడవ వెళ్లిపోతోంది" అంటూ సంచిలో పడేసుకుని పరుగెత్తింది.

రెండోది ఇంకో కొక్కేనికి కట్టి పరీక్షకి పెట్టాడు. ముందురోజు నిప్పురవ్వలు పడి అరచెయ్యి బొబ్బలెక్కడంతో తాడు పట్టుకోలేక, క్లిప్పుని నడుం బెల్టుకే తగిలించుకుని స్టూలు తన్నేశాడు. పది లెక్కపెట్టాడు. దిగుదామని క్లిప్పు తిప్పాడు. తిరగలేదు. తన బరువంతా దాని మీదే ఉంది, ఎలా తిరుగుతుంది? రెండు చేతులా తిప్పాడు, బొబ్బలు చితికాయి. కాళ్లు నేలకి జానెడు ఎత్తులో కొట్టుకుంటున్నాయి. బెల్టు పొట్టని నొక్కేస్తుంటే ఊపిరాడక ఎగశ్వాస వచ్చింది. అప్పుడు తట్టింది ఆయనకి. ఇక్కడ గాలికి కొదవ లేదు. కూతురికి వీపుమీది సిలిండర్లో ఉన్నదే గాలి. నీటి లాగుడుకి ఆ క్లిప్పూ ఇలాగే బిగుసుకుంటుంది.

అన్నేళ్లూ కొక్కెం పట్టుకుంటుందా అనే చూశాడు. వదులుతుందా అని ఒక్కనాడూ చూడలేదు.

టీ తెచ్చిన భార్య గ్లాసు జారవిడిచి, స్టూలు ఆయన కాళ్ల కిందికి తోసింది.

"ఏమైందండీ? ఏంటిది?"

బరువు తగ్గగానే తిరిగిన క్లిప్పుని ఊడదీసుకుని, చెప్పుల్లేకుండానే రేవుకి పరుగు తీశాడు. పడవల ఆఫీసు గుమాస్తా రేడియోలో అడిగి చెప్పాడు, "వాళ్లు నీళ్లలోకి దిగి చాలాసేపయింది మేస్త్రీ గారూ. కిందికి కబురు ఎలా పంపిస్తాం?"

మేస్త్రీ రేవు మెట్ల మీద కూలబడ్డాడు. నీళ్లకి అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. తన చేతులతో తనే కట్టాడు ఆ ముడి, ఊడిపోకుండా రెండుసార్లు బిగించి మరీ. ఆ చేతుల్ని చూసుకోలేక చంకల్లో దాచుకున్నాడు.

పడవ మధ్యాహ్నానికి వచ్చింది. అందరూ దిగాక ఆఖర్న కూతురు దిగింది. జాకెట్‌కి క్లిప్పు అలాగే ఉంది, దానికి మూరెడు తాడు వేలాడుతోంది.

"కోసేశాను నాన్నా" అంది. "ఒకాయన పట్టు తప్పి కొట్టుకుపోతుంటే వెనకాల వెళ్దామనుకున్నా. ఎంత తిప్పినా క్లిప్పు రాలేదు. కాలికి కట్టుకున్న కత్తి ఉంది కాబట్టి సరిపోయింది. ఆయన్ని పట్టుకున్నాంలే."

"దిగేముందు చూసుకోలేదా తల్లీ? అందరివీ నువ్వే చూస్తావుగా!"

"అందరివీ చూస్తాను. నీది ఒక్కటే చూడను. నువ్వు చేశావు కదా అని."

మేస్త్రీ అక్కడే అందరి ముందూ భోరుమన్నాడు.

మర్నాడు పొద్దున్నే పాత రకం క్లిప్పు కట్టాడు. నడుముకి తగిలించుకుని వేలాడి, పది లెక్కపెట్టి, పిన్ను లాగాడు. దభీమని కింద పడ్డాడు.

"ఈ వయసులో నడుం విరగ్గొట్టుకుంటారా?" అని భార్య అరిచింది.

"వదిలిందిగా" అన్నాడు మోకాలు రుద్దుకుంటూ.

కూతురు కొక్కెం అందుకుని, ఆయన ఎదుటే తాడు బిగలాగి, పిన్ను మూడుసార్లు లాగి చూసింది. ఇదివరకు ఎన్నడూ అలా చూడలేదు.

"ఇంకోసారి చూడమ్మా" అన్నాడు.