బర్రెతో మాట్లాడే ఇంట్లో కెమెరా పెట్టిన శీనన్న

వీడియో శీనన్న ఇక లేడు. దమ్మపేటలో పెళ్లి షూటింగ్‌కు వెళ్లి జ్వరంతో తిరిగొచ్చాడు. ఖమ్మం దవాఖానాలో కన్నుమూశాడు. జూలూరుపాడు సెంటర్లో టీ తాగుతుంటే ఎవరో చెప్పారు. ఆయన షూటింగుల్లో లైటు పట్టుకునేవాణ్ని నేను. నమ్మలేదు. ఉత్తుత్తి కబుర్లు చెప్పి మా ముఖాలు ఎలా మారతాయో కెమెరాలో పట్టడం ఆయనకు అలవాటు. పార్థివదేహాన్ని చూశాకే నమ్మాను.

ఇలాంటి వ్యాసాల్లో కళాపిపాసి అని రాయాలట. ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ని, ఆ పిపాస సంగతి నాకు తెలీదు. ఆయన షూటింగ్‌లో మాకు మాత్రం టీ కూడా దొరికేది కాదు.

"పెండ్లిళ్ల అందరు నవ్వుతరు. నవ్వని ముఖాలు ఎవలు తియ్యాల్రా?" అనేవాడు. అందుకే సొంత ఇంటి మీదే సినిమా తీశాడు. పేరు 'రెండు తలుపుల ఇల్లు'. వాళ్ల నాన్న, పెదనాన్న బోరు నీళ్ల వంతుల దగ్గర కొట్లాడుకుని మాటలు మానేశారు. ఒకే ఇల్లు, మధ్యలో గోడ. ఏం చెప్పాలన్నా వాకిట్లో బర్రెకు చెప్పేవారు.

"ఇయ్యాల మోటరు నాదని చెప్పవే" అని పెదనాన్న.

"చెవుడు లేదని చెప్పవే" అని నాన్న.

ఆ పాత్రలకు వాళ్లనే పెట్టాడు. "సినిమాలనన్న ఎదురుబొదురు మాట్లాడుకుంటరేమోరా" అన్నాడు నాతో. సినిమా పిచ్చి అనుకున్నవాళ్లకు తెలియదుగానీ, ఆయన కోరిక అదొక్కటే.

పంచాయితీ సీనుకు ఊరి పెద్దమనిషినే పిలిచాడు. ఆ పెద్దమనిషి శీనన్న రాసిచ్చిన మాటలు మరిచిపోయి, "ముందుగాల బోరు ఎవలి జాగల ఉన్నదో చెప్పుండ్రి" అంటూ నిజం పంచాయితీకే దిగాడు. అన్నదమ్ములిద్దరూ కెమెరా మరిచి సాక్షుల్ని పిలవడానికి లేచారు. నేను లైటు ఆర్పబోతే శీనన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా, గిట్ల రాయమంటే నాకొస్తదా?"

పొద్దు వాలేసరికి పెద్దమనిషి వంతులు తేల్చేశాడు. ఇద్దరూ తీర్పుకు తలవంచారు. మాటలు మాత్రం బర్రెతోనే.

మిర్చి కల్లంలో తెల్ల పంచెను తెరగా కట్టి ఆ సినిమా వేశాం. జనం నవ్వారు, ఘాటుకు తుమ్మారు. చుట్టాలు మండిపడ్డారు. "ఇంటి గుట్టు బజార్ల పెడ్తవారా?" అని మేనత్త నిలదీస్తే, "బజారుకు తెల్వనిదేముందత్తా? మనకే తెల్వదు" అన్నాడు. నాన్న, పెదనాన్న చెరో మూల కూర్చుని చివరిదాకా చూశారు, చెరో దారిన వెళ్లిపోయారు. శీనన్న ఆ రెండు దారులూ చూస్తూ వైర్లు చుట్టుకున్నాడు.

శీనన్నను వాకిట్లో పడుకోబెట్టిన రోజు నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెదనాన్న అటు తలుపులోంచి వచ్చి తమ్ముడి పక్కన కూలబడ్డాడు.

"పొద్దట్నుంచి ఏమన్న తిన్నవారా?"

"తినబుద్దయితలేదన్నా."

పెళ్లిళ్లు తీసేవాళ్లు మాకు ఇంకా దొరుకుతారు. మా ముఖాలు మాకే చూపించి తిట్లు తినే మనిషి మళ్లీ దొరకడు. ఆ మహానుభావుడికి చేతులు జోడించి మొక్కుతున్నాను. ఆ రోజు వాకిట్లో అన్నదమ్ములు మాట్లాడుకోగానే, "విన్నవా అన్నా" అంటూ శీనన్న వైపు తిరిగాను. ఆయన ముఖం మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది.